చివరి వరసలో కిర్రు కుర్చీ

ఇరవై ఏళ్లు తాళం పడిన సినిమా హాలును మళ్లీ తెరుస్తున్నారు. కుర్చీలు బాగుచేస్తున్న వడ్రంగి దగ్గరికి అతని బావ, ఆ హాల్లో ఒకప్పటి ఆపరేటరు, పొద్దున్నే వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు.

"లే బావా. నువ్వు కూర్చున్నదొక్కటే మిగిలింది."

"మిగలనీ."

"కిర్రుమంటోంది. రెండు చుక్కలు నూనె పోస్తే నోరు మూసుకుంటుంది."

"నీ నోట్లో పోసుకో."

"పొద్దున్నించీ చూస్తున్నా. తలుపు వంకరన్నావు. గోడరంగు పేడలా ఉందన్నావు..."

"పేడకి అవమానం."

"...ఇప్పుడు కుర్చీ బాగుచేస్తానంటే వద్దంటావు! సాయంత్రం ఓనరమ్మ వచ్చి ఒక్కోదాంట్లో కూర్చుని చూస్తుంది. ఒక్కటి కిర్రుమన్నా రెండొందల నలభై కుర్చీలూ విప్పి బిగించమంటుంది."

"విప్పు. నీకు మాత్రం వేరే పనేముంది?"

"వాళ్ల నాన్నే నయం. కుర్చీ విరిగిందంటే నేలమీద కూర్చోమనేవాడు."

"ఆయన పేరెత్తకు."

"ఇంకా కోపమేనా? పోయి పదిహేనేళ్లయింది."

"పోతే? ఆపరేటరుకి కళ్లజోడు కొనిపెట్టాలి అని హాలంతా వినేట్టు నవ్వాడు."

"నవ్వించింది మా అక్క కదా! నువ్వు ఆపరేటరువైన తొలిరోజు, నిండు హాల్లో లేచి నిలబడి, బొమ్మ మసగ్గా ఉంది చూసుకోండీ అని కేకేసింది."

"కట్టుకున్న పెళ్లాం."

"దానికి పదకొండేళ్లు మాట మానేస్తారా ఎవరైనా? అన్నం పెట్టానని చెప్పు మీ బావకి. ఉప్పు తక్కువైందని చెప్పు మీ అక్కకి. పక్కింట్లో ఉన్న పాపానికి మీ ఇద్దరికీ తపాలా బంట్రోతునయ్యా. చివరికి అక్క పోయేముందు ఆసుపత్రిలో కూడా, మంచినీళ్లు కావాలేమో నన్ను అడగమన్నావు."

"ఆపు."

"ఆపా. లే."

"లేవను."

"ఇది అక్క కూర్చునేదని నాకు తెలీదా? కుర్చీ తియ్యను బావా. కిర్రు తీస్తానంతే."

"కావాలంటే కుర్చీ తీసుకో. కిర్రు ఉండనీ."

"కుర్చీ లేకుండా కిర్రుని ఎక్కడ బిగించమంటావు, నీ నడుముకా?"

"పైకి చూడు. ఏముంది?"

"మిషను గది కిటికీ."

"బొమ్మ ఏమాత్రం చెదిరినా ఇక్కణ్ణించి కిర్రు, కిర్రు. రెండుసార్లు."

"అక్కా? కావాలనే?"

"ఇంకెవరు?"

"ఆ మిషను రొదలో నీకెట్లా వినపడేది?"

"రొద రోజూ ఉండేదే, చెవి పట్టించుకోదు. ఇది పట్టేది."

"ఎన్నాళ్లు?"

"ప్రతి కొత్త సినిమాకీ, మొదటాటకి. పదకొండేళ్లు."

"మరి నువ్వేం చేసేవాడివి?"

"ఏం చేస్తాను? సరిచేసేవాణ్ణి."

"ఓరి మీ ఇద్దరి దుంపతెగ! నన్ను ఊరికే తిప్పారన్నమాట."

"నూనె డబ్బా ఎక్కడ?"

"మూత పెట్టేశాలే. సాయంత్రం ఓనరమ్మ వచ్చినప్పుడు నువ్వే ఇందులో కూర్చో. కదలకు. ఊపిరి కూడా పీల్చకు."

"సరే."

"ఒక్కటి చెప్పు బావా. ఆ తొలిరోజు..."

"మసగ్గానే ఉందిరా."