ఈరప్ప పోసిన నారు

గోరంట్ల మండలంలో ఒక పల్లె. 1998 డిసెంబరు. పొద్దు పొడిచే వేళ, హూకోసు (క్యాలీఫ్లవర్) నారుమళ్ల దగ్గర ఈరప్ప భార్య సోమక్క, పక్క తోట రైతు తిమ్మరాజు.

"పట్ట కింద పెట్టొద్దు తిమ్మరాజూ. ఎట్ల పట్టుకోని ఉండావో అట్లనే ఉండు."

"వదినా! నువ్వు... ఇంత పొద్దన్నే..."

"నా తోటకి నేను వచ్చినా. నువ్వేంటికి వచ్చినావు?"

"గొర్రె ఒకటి తప్పిపోయింది. ఎతుక్కుంటా ఇట్ల..."

"హూకోసు నారు మీద కప్పిన పట్ట కింద దూరిందా గొర్రె?"

"గాలికి లేచినట్లుంటే సరిచేస్తాండా. అంతే."

"గాలా? యాడ గాలి? ఆకు కదల్లేదు."

"పోతా వదినా."

"పోవద్దు. పద్నాలుగు దినాల నుంచి మా ఇంట్లో ఏం జరుగుతాండాదో తెలుసా నీకి? సందకాడ మంచు పడకుండా మళ్లకి పట్టలు కప్పి పోతా. తెల్లారి వచ్చి చూస్తే తూర్పు పక్క నుంచి చుట్టి, చుట్ట మీద రాయి ఎత్తిపెట్టి ఉంటాది. అచ్చం మీ అన్న చేసే మాదిరే. మొదటి దినం చూసి ఇంటికి పరిగెత్తితి. మా అత్త ఏమన్నాదంటే, చచ్చినా నా కొడుకు తోట ఇడ్సి పోలేదు అన్నాది."

"అట్ల అనుకుంటారని తెలీదు వదినా."

"రోజూ రాత్రి గట్టు మీద కాఫీ పెడతాండాది కొడుక్కని. తెల్లారితే గ్లాసు ఖాళీ. అదీ నువ్వేనా?"

"లేదు! కాఫీ నేను ముట్టలేదు. పిల్లోల్ల మీద ఒట్టు."

"మరెవరు తాగినారు?"

"కుక్కేమో."

"కుక్క తాగి, గ్లాసు బోర్లించి పోతాదా?"

"నాకి తెలీదు వదినా. పట్టలు తీసింది మాత్రం నేనే."

"ఈరప్ప మాదిరి చుట్టల్లని నీకెట్ల తెలుసు? మూడేండ్లాయ మీకి మాటల్లేక."

"మాటల్లేకుంటే కండ్లు లేవా? గట్టుకి అవతల నిలబడి రోజూ చూస్తాంటి. ఆయప్ప నారు పెంచినట్ల ఈ చుట్టుపక్కల ఎవురు పెంచుతారు?"

"మా బోరు పడినంక మీ బోరు ఎండిపాయనని, మా నీడ పడితే ఉమ్మేస్తాంటివి. ఇప్పుడు మా నారు మీద ఏంటికప్పా ఇంత ప్రేమ?"

"పొద్దెక్కేదాకా కప్పి పెడితే లోపల చెమ్మకి మొదలు కుళ్లుతాది వదినా. నువ్వు ఎనిమిదింటికి గానీ రావు. ఒక మడిలో అప్పుడే ఒక మూల వాలిపోయుండె. చూస్తా ఊరకుండలేకపోతి."

"నేను రాకపోయేది ఒళ్లు బరువెక్కి కాదు. భయమై. ఆయప్ప ఇత్తనాలు పోసిన మూడో దినం పాయె. మట్టి చేసి వస్తిమి. ఇంకా ఇంట్లో ఏడుపు ఆగలేదు, ఈడ మొలకలు లేచినాయి. వరసలు వరసలుగా. ఆయప్ప ఏలు పెట్టి గీసిన గీతలు ఉండాయే, ఆ గీతల్లోనే. సూడలేకపోతి."

"నాకీ అట్లనే ఉండాది వదినా."

"నీకేంటికి?"

"ఏం లేదులే. ఇంకో నాలుగు దినాల్లో నాటల్ల ఈ నారు. ముదిరితే పువ్వు పెద్దది కాదు. మా ఇంటోళ్లని పంపిస్తా, నాటిపోతారు."

"నీకేంటికి తిమ్మరాజూ?"

"నిద్ర పట్టదు వదినా."

"ఏంటికి పట్టదు?"

"ఆ దినం... ఈరన్న ఎద నొస్తాదని ఈడ పడిపోయిన దినం. మిట్టమధ్యాన్నం. నువ్వు మా ఇంటికి పరిగెత్తుకుంటా వస్తివే, నేను ఇంట్లోనే ఉంటి."

"మీ టెంపో వాకిట్లో ఉండె. చూస్తి."

"కిటికీలో నుంచి నేనూ చూస్తి నిన్ను. కాళ్లకి చెప్పుల్లేవు. కొంగు నేల మీద ఈడుస్తాండె. ఏదో అయ్యిందని తెలిసిపాయె. అయినా లేయలేదు. అడగనీలే, నోరు తెరిచి అడిగితే అప్పుడు చూస్తాములే అనుకుంటి. గోడ పక్కకి తిరిగి దుప్పటి కప్పుకుంటి."

"దుప్పటి కప్పుకుంటివా."

"గోరంట్ల ఆస్పత్రికి టెంపోలో పావుగంట. మీరు ఎద్దుల బండి కట్టుకోని పోతిరి. దావలోనే పాయె మనిషి. నేనే చంపినా వదినా. పంచాయితీ పెట్టిస్తావో, ఊర్లో అందరికీ చెప్తావో, నీ ఇష్టం."

"ఆ దినం నా మాట ఇనపడిందా నీకి?"

"ఇనపడకుండా ఉంటాదా? దుప్పట్లో గూడా ఇనపడె. 'తిమ్మరాజూ, తిమ్మరాజూ' అని మూడుసార్లు పిలిస్తివి. అయినా లేయకపోతి. ఇప్పటికీ పొద్దన్నే అదే పిలుపు. నా చెవిలోనే ఉండాది. ఆ పిలుపుకే లేస్తా. లేచి ఇంగ యాడికి పోల్ల? ఈడికే వస్తా."

"నా గొంతేనా?"

"నీదే వదినా. ఏడుస్తా పిలిచిన గొంతు."

"తిమ్మరాజూ... నేను పిలవలేదప్పా. మీ గేటు పట్టుకోని నిలబడితి. ఇంతకాలం మాటల్లేని నీ ముందర నోరు తెరవల్లనా అని, ఎనక్కి తిరిగి వచ్చేస్తి."