నోటితోని చేసి సూపియ్యి

గోదావరిఖని నుంచి ఓపెన్‌కాస్టు గనికి పోయే దారిలో అలీముద్దీన్ జీపుల షెడ్డు. గేర్‌బాక్సు కూత విని రోగం చెప్పడంలో ఆయన మాటంటే ఆ చుట్టుపక్కల డ్రైవర్లకు గురి, తిరిగి అడిగినవాడు లేడు. ఒక మధ్యాహ్నం ముఖానికి దస్తీ కట్టుకున్న కుర్ర డ్రైవరు ఒకడు జీపు ఆపి లోపలికి వచ్చాడు. అలీముద్దీన్ పక్కన ఆయన భార్య మక్సూదా కూర్చుని ఉంది.

"ముందుగాల మొఖం మీది దస్తీ తియ్యి. తీసి మాట్లాడు."

"దుబ్బ గదా కాకా. బొగ్గు లారీలు ఒకదానెంక ఒకటి పోవుడే. మూతి ఇప్పితే నోట్లె ఇంత బొగ్గు."

"ఉస్తాద్ ముందట మొఖం కట్టుకొని మాట్లాడద్దు. గీ షెడ్డుల అందరికి ఒకటే కానూన్. ఎల్తురు దిక్కు మర్రు. ఆఁ, గట్ల. ఇగ చెప్పు, పేరేంది?"

"కొమురెల్లి. మందమర్రికెళ్లి వచ్చిన. నా జీపుకు గేర్‌బాక్సుల..."

"మందమర్రికెళ్లి వచ్చిండట జీ. గేర్‌బాక్సు మొత్తుకుంటున్నదట."

"నేనింటనే ఉన్న గదా మక్సూదా. నువ్వెందుకు మల్ల చెప్తవ్?"

"ఊకెనే అన్న. చెప్పు బేటా. ఆయినె దిక్కు సూసి చెప్పు."

"చిన్నమ్మా, నువ్వు గూడ మెకానిక్కువేనా?"

"గీ షెడ్డుల కూసుండి కూసుండి సగం మెకానిక్కునే అయిన."

"అయితే మంచిదే. ఒక్క చాయ్ దొరుకుతదా చిన్నమ్మా? పొద్దుగాల్నుంచి గొంతు ఎండిపోయింది."

"మూలమీద హోటల్ ఉన్నది బేటా. మంచిగ పెడ్తడు."

"హోటల్ చాయ్ నాకు పడది. నీ చేతి చాయ్ ముచ్చట స్టాండుల అందరు చెప్తరు."

"ముందుగాల బండి సంగతి కానియ్యి. నువ్వు చెప్పేది నేను జెర ఆయినెకు..."

"పోయి పెట్టుకరా మక్సూదా. మన దగ్గరికొచ్చినోడు చాయ్ అడిగితే నసుగుతవేంది?"

"పోత. బేటా, మెల్లగ చెప్పు. జల్ది జల్ది మాట్లాడకు. ఆయినె జెర ఫికర్ల ఉన్నడు."

"పంచాయితి ఫికరా?"

"నీకెవలు చెప్పిండ్రు?"

"అందరు గదే అంటున్నరు చిన్నమ్మా. ఐతారం యూనియన్ ఆఫీసుల కూసుంటరట గదా. చచ్చిపోయిన రాయమల్లు ముచ్చట."

"నువ్వు లోపటికి పో మక్సూదా, చాయ్ పెట్టు పో. గా ముచ్చటల దాసుకునేదేమున్నది. నేను చెప్తా ఇను బేటా. రాయమల్లని సదానందం జీపు నడిపెటోడు. గనిల ర్యాంపు దిగుతుంటె గేర్‌బాక్సు జామై బండి బోల్తా కొట్టింది, వాడు సచ్చిండు. ఇగ వాని పెండ్లాం ఏమంటది? బండి ముందుగాల్నే మొత్తుకున్నదట, మొగడు ఎన్నిసార్లు చెప్పినా ఓనరు ఇనలేదట. సదానందం ఏమంటడు? బండి మంచిగనే ఉండె, వాడే తాగి తోలిండు అంటడు. ఎవలది నిజమో తేల్చాలంటె మల్ల నా కాడికే రావాలె."

"నీ మాట మీదనే తేలుతదా కాకా?"

"మరెవల మాట మీద? సచ్చే ముందురోజు గా బండి వాడు నా దగ్గరికే తెచ్చిండు. నేనే కూసున్న, నేనే తోలి సూసిన. ఏ సప్పుడు లేదని చెప్పి పంపిన."

"ఐతారం గూడ గదే చెప్తవా?"

"ఇన్నది ఇన్నట్టు చెప్త. గేర్‌బాక్సు చల్లగుండె, వాని చెవులల్లనే ఈగ దూరింది. సీసా ఎత్తినోనికి ఏ సప్పుడైనా ఇనవడ్తది."

"రాయమల్లు తాగుతుండెనా?"

"డ్రైవరన్నంక తాగడా?"

"నువ్వు గా మాట చెప్తే ఇగ ఓనరు దిక్కుకెళ్లి ఆమెకు పైస గూడ ముట్టది గదా. సదానందం ఉండనిచ్చిన రూం గూడ ఖాళీ చెయ్యమంటడు. ఆమెకు ఓ పాప ఉన్నదట."

"బాబా? ఏ బాబా? దర్గ కాడి బాబానా?"

"పాప కాకా. ఆడిపిల్ల. ఇంక నడక గూడ రాలే."

"ఆఁ, పాప. నువ్వు మూతి ముడుసుకొని మాట్లాడుతవ్ పిల్లగా, పెదిమెలు మంచిగ ఇప్పి మాట్లాడు. పాప ఉంటె నేనేం చెయ్యాలె? సదానందం బండ్లన్ని నా షెడ్డుకే వస్తయి. తాగుబోతు పెండ్లాం ఏడ్సిందని ఉన్న ఇజ్జత్ పోగొట్టుకోవాల్నా? ఇడిసిపెట్టు. నీ బండి సంగతి చెప్పు. సప్పుడు ఎట్లొస్తది? నోటితోని చేసి సూపియ్యి."

"నోటితోనెందుకు, స్టార్ట్ చేస్త. నువ్వే ఇను."

"వద్దు. ఊకె డీజిల్ కాల్చుడెందుకు. డ్రైవర్ నోట్లె ఉన్నంత సప్పుడు ఇంజన్ల గూడ ఉండది. కొత్తగూడెంకెళ్లి ఒక ఆఫీసర్ వచ్చిండు, సూటు బూటు. ఆయినెతోని గూడ చేపిచ్చిన. సిగ్గుపడుకుంట చేసిండు. చెయ్యి."

"గూఁ..."

"గీఁ అంటదా, గూఁ అంటదా? సరింగ మూతి పెట్టు."

"గూఁ... గిట్ల. ముందుగాల సన్నగ, పోంగ పోంగ పెద్దగ. చెవు కోసినట్టే ఉంటది."

"ఆఁ. సాఫ్ ఇనవడ్డది. బండి నిలవెట్టి న్యూట్రల్ల ఉంచినా వస్తదా?"

"వస్తది."

"క్లచ్ తొక్కితే?"

"ఆగుతది. ఇడిసిపెడితే మల్ల మొదలు."

"అయిపోయింది. కిందికి దూరి సూసుడు గూడ అక్కెరలేదు. గేర్‌బాక్సుల ముందటి బేరింగు పోయింది. ఆయిల్ ఎట్లున్నది?"

"నల్లగున్నది. ఏలు పెట్టి సూస్తే ఇనుప పొడి మెరుస్తున్నది."

"గంత దాక వచ్చినంక గూడ తోల్తున్నవా?"

"ఓనరు తోలమంటున్నడు."

"ఓనర్‌కేంది, సచ్చేది నువ్వు. ఫోర్ వీల్ ఏసి ర్యాంపు దిగుతుంటవ్. గా బేరింగు పలిగి ముక్కలు గేర్ల పండ్లల్ల పడ్డయనుకో, గేర్‌బాక్సు గట్టిగ పట్టేస్తది. చక్రాలు తిరగయి, బండి అడ్డం తిరుగుతది. అప్పుడు స్టీరింగ్ పట్టుకున్నా ఒకటే, అల్లాను పిలిచినా ఒకటే. ఇయ్యాల్నే ఇప్పాలె దీన్ని."

"రాయమల్లు బండి గూడ గట్లనే అడ్డం తిరిగిందట గదా కాకా."

"గది యేరు."

"ఎట్ల యేరు?"

"యేరంటె యేరే. నీకెందుకు గా లొల్లి?"

"గీ కూత, క్లచ్ తొక్కితే ఆగుడు, ఆయిల్ల ఇనుప పొడి, ఇవన్ని రాయమల్లు బండియే. నా బండికి ఏ రోగం లేదు. నీ దగ్గరికి తెచ్చిన పొద్దు గీ ముచ్చట్లన్ని ఆయిన నాకు ఫోన్‌ల చెప్పిండు."

"నీకెందుకు చెప్తడు? నువ్వెవలివి?"

"రాయమల్లు నాకు అన్న."

"అన్ననా. వాని తమ్మున్నని ముందుగాల చెప్పాలె గదా. మొఖానికి దస్తీ కట్టుకొని దొంగ తీర్గ వచ్చుడేంది?"

"నీకు ముందుగాల చెప్తే గిన్ని మాటలు నీ నోట్లెకెళ్లి వస్తుండెనా? నువ్వే అన్నవ్, గట్లాంటి బండి ఇయ్యాల్నే ఇప్పాలెనని. మరి మా అన్నకు ఏ సప్పుడు లేదని ఎందుకు చెప్పినవ్?"

"నేను తోలిన్నాడు సప్పుడు లేదు. ఖుదా కసం."

"లేకనా కాకా, ఇనవడకనా?"

"ఏమన్నవ్?"

"అన్న ఇంకో మాట చెప్పిండు. ఉస్తాద్ ఎదురుంగ సూసుకుంట జీపు తోలినంతసేపు తానేమడిగినా ఒక్కదానికి జవాబియ్యలే, బండి ఆపి తన దిక్కు మొఖం మర్రిచ్చినంకనే మాట్లాడిండు అన్నడు. అన్న నవ్విండు. ఉస్తాద్‌కు తిక్క జాస్తి అనుకున్నడు. నాకు మాత్రం సమజైంది, గని అప్పటికి అన్న లేకుండె."

"నాకు చెవుడంటున్నవా? నోరు సంబాళించుకో. బెల్లంపల్లి దాక పోయి అడుగు, అలీముద్దీన్ చెవు ఎసొంటిదో. గేటు బయట బండి ఆగకముందే రోగం చెప్పెటోన్ని."

"ఒక్క మాట అను సాలు. ఇనవడలే బిడ్డా, గందుకే పట్టలేకపోయిన, అను. ఐతారం గదే మాట చెప్పు. వదినెకు ఆసరా అయితది, అన్న మీద తాగుబోతు అన్న మాట పోతది. నేను గూడ నిన్ను పల్లెత్తు మాట అనను. నువ్వు కావాల్నని చంపలేదు, నాకెరికే."

"నేను చంపుడేంది? సచ్చినోడు మీవోడు, దిమాక్ ఖరాబైంది మీకు. అనని మాట అనిపిద్దామని వచ్చినవా? ఐతారం పెద్దమనుషులందరి ముందట చెప్త. ఏ సప్పుడు లేకుండె. రాయమల్లు తాగి తోలిండు."

"పాప మొఖం సూసన్న..."

"పాప లేదు, గీప లేదు. నాకు చెవుడే ఉంటె గింతసేపు నీతోని ఎట్ల మాట్లాడుతున్న? నువ్వన్న మాటకల్ల జవాబిస్తలేనా?"

"గదే నేను అడుగుతున్న. ఎట్ల మాట్లాడుతున్నవ్ కాకా?"

"చెవులతోని మాట్లాడుతున్న. అల్లా ఇచ్చిన చెవులతోని."

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ జీ? పొయ్యి కాడికి నీ ఒక్కని గొంతే ఇనవడుతున్నది. పిల్లగాడు పోయిండనుకొని నీకొక్కనికే చాయ్ తెచ్చిన."

"పోలే చిన్నమ్మా, ఈన్నే ఉన్న. నువ్వు లోపటికి పోయినకాడికెళ్లి మూతైతే ఆడిస్తున్న గని గొంతు తీస్తలే. మల్ల ఇప్పుడే తీసుడు."

"యా అల్లా."

"ఏందట? నా ఎనక నిలవడి ఏమంటున్నవ్ మక్సూదా? ముందటికి రా."

"బేటా, నీకు దండం పెడ్త. పంచాయితిల చెప్పకు. చెవులు పోయినయని నాకొక్కదానికే ఎరుక. బయట తెలిస్తే ఒక్క బండి రాదు, షెడ్డు మూత పడ్తది. ఆయినె బతకడు."

"ఆమెతోని నీకేం ముచ్చటరా? నా దిక్కు మర్రి మాట్లాడు."

"గంత మెల్లగైతే ఎట్ల చిన్నమ్మా? బయట జీపుల మా వదినె, ఐతారం పంచాయితి చెప్పే యూనియన్ సదయ్య కూసున్నరు. ఇప్పుడు నాతోని అన్న మాటనే జెర పెద్దగ, ఆళ్లకు ఇనవడేటట్టు అను. ఇంత పక్కనుండి ఆయినెకైతే ఎట్లా ఇనవడది."