పేరు నోరు తిరగని మనిషి

ఆ ఫొటోలో వెనక వరసలో తలుపంత మనిషా? మా బావ. కూర్చుని తింటూ విను లవ్, చెప్తాను. ఆ మొహం ఏంటబ్బాయ్, యార్క్‌షైర్‌లో మాటకి ముందో లవ్, వెనకో లవ్. అందులో ఏం లేదు, ఊతపదం. బస్సు కండక్టరు అంటాడు, బొగ్గులాయన అంటాడు, పళ్ళ డాక్టరు పీకే ముందు అంటాడు. మా రగ్బీ లీగ్ క్లబ్బుకి, అదే, పదమూడు మంది ఆడేది, పదిహేను మంది ఆడే ఆ దొరల ఆట కాదు, మొదట్లో ఆస్ట్రేలియా వాళ్ళు ఆడ్డానికి వచ్చేవారు. వానకి ఏడ్చి పోయేవారు. తర్వాత ఫిజీ నుంచి ఈయన్ని తెచ్చారు. ఈ లవ్ సంగతి ఆయనకి ఎవరైనా చెప్పాలా వద్దా? చెప్పలేదు. పేరేమో అపెనిసా. ఎవరికీ నోరు తిరగదు. 'అపె... అనా... పోనీలే లవ్' అనేవారు. దాంతో ఊరందరికీ ఆయన లవ్వే. స్టేషన్లో దిగగానే మీసాల కూలీ 'పెట్టె ఇలా ఇవ్వు లవ్' అన్నాట్ట. ఈయన ఇవ్వలేదు, గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. మా కోచ్ ఉన్నాడే, బూతు లేకుండా మంచినీళ్ళు కూడా అడగడు, ఆయనా 'వాణ్ణి నడుం కింద పట్టి పడెయ్ లవ్' అనేవాడు. ఎక్కడున్నాను? ఆఁ, బావ.

మగాళ్ళది ఏదో రోగంలే అని సరిపెట్టుకున్నాడు పాపం. కానీ మా విన్నీ అక్క చేపల వేపుడు కొట్లో ఉండేది. పెళ్ళి కాలేదు, అవుతుందని మా అమ్మ కూడా అనుకోవడం మానేసింది. 'వెనిగర్ పొయ్యనా లవ్?' అనడిగి, నూనెలో తేలిన పిండి పలుకులు పొట్లంలో ఇంత ఎక్కువ వేసేది. అందరికీ వేసేది, అదీ చిక్కు. ఓ ఆదివారం తలుపు కొట్టారు. తీస్తే జట్టు జట్టంతా, పెళ్ళిళ్ళకీ చావులకీ వేసుకునే కోట్లలో. వాళ్ళ దేశంలో పిల్లనడగాలంటే మేనమామలు రావాలట. ఇక్కడ మేనమామలెక్కణ్ణుంచి వస్తారు, వీళ్ళనే తెచ్చుకున్నాడు. ముక్కు పగిలిన మామ ఒకడు, చెవి నలిగిన మామ ఒకడు. అపెనిసా మోకాళ్ళ మీద వచ్చి మా నాన్న చేతిలో తాడు కట్టిన తిమింగలం పన్ను పెట్టాడు. అది పుచ్చుకుంటే పిల్లనిచ్చినట్టేనట. మా నాన్నవి కట్టుడుపళ్ళు. నాలుకతో తడిమి చూసుకుని, 'ఇది నాది కాదే' అన్నాడు. మళ్ళీ మర్యాదకని, 'బావుంది, థాంక్స్ లవ్' అని అల్మరాలో పెట్టేశాడు. మామలందరూ చప్పట్లు. అక్క వంటింట్లోంచి వచ్చి 'ఏమైంది?' అంది. 'ఏం లేదు, నీకు పెళ్ళి కుదిరింది' అన్నాను.

మా కెప్టెన్ ఆమెని పక్కకి పిలిచి, 'శనివారం కప్పు ఫైనల్ ఉంది, అప్పటిదాకా నోరెత్తకు విన్నీ, మనిషి ఓడెక్కాడంటే కొంప మునుగుతుంది' అన్నాడు. అక్క వింటుందా? శుక్రవారం కొట్లోనే చెప్పేసింది. 'చూడయ్యా, నేను అందరినీ అంటాను. బొగ్గుబండి గుర్రాన్ని కూడా అంటాను.' ఆయన పొట్లం పక్కన పెట్టి, 'మరి నిజంగానే లవ్ ఉన్నప్పుడు ఏమంటారండీ?' అనడిగాడు. అక్కకేం తెలుసు? మా ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అంటేగా తెలియడానికి. ఆయన తలూపి, మ్యాచ్ అయ్యాక మా దేశం వెళ్ళిపోతాలెండి అన్నాడు. ఆ సాయంత్రమంతా అక్క చేపలు వేయిస్తూ ఏదో గొణుగుతూనే ఉంది. ప్రార్థన చేసుకుంటోందేమో అనుకున్నాం.

ఇక మ్యాచ్. ఆఖరి నిమిషం, ఒక్క పాయింటు వెనకున్నాం. బంతి ఆయన చేతిలో. ముందు అడ్డు పురుగు కూడా లేదు. గీత దాటి బంతి నేలకి ఆనిస్తే కప్పు మనది. ఊరు ఊరంతా 'పరుగెత్తు లవ్, పరుగెత్తు లవ్' అని గొంతులు చించుకుంటోంది. ఆ గోలలో ఒక ఆడగొంతు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, 'అపెనిసా' అంది. ఆగిపోయాడబ్బాయ్. గీతకి జానెడు ఇవతల. ఆగి, వెనక్కి తిరిగి, ఎవరా అని చూశాడు. అవతలి జట్టు మొత్తం మీద పడింది. మెడ కింద ఎముక విరిగింది, నవ్వుతూ పడుకున్నాడు వెధవ.

ఊరు చాన్నాళ్ళు అక్క దగ్గర వేపుడు కొనలేదు. వాళ్ళ పెళ్ళిలో నేనూ ముభావంగానే తిన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది, జానెడు. ఆయన పోయీ ఏళ్ళవుతోంది. మా అక్క పోస్టుమాన్ని లవ్ అంది, కుక్కని లవ్ అంది, ఆయన్ని మాత్రం ఒక్కసారి అనలేదు. పిలిస్తే నిండు పేరే. ఇప్పటికీ సాయంత్రం టీ పెట్టి, మెట్ల దగ్గర నిలబడి పైకి అలాగే పిలుస్తుంది. నేను వంటింట్లోనే ఉంటాను కదా, వింటూ... ఆ ఉప్పు ఇటియ్యి.