ఏడు వేలు రాయి

సెర్బియాలో ఒక కొండ ఊరు. జూన్ నెల, పొద్దున తొమ్మిది గంటలు. మిలిసావ్ కార్ల షెడ్డులో అతనూ, పళ్లెం పట్టుకుని వచ్చిన విదొసావా.

"ఏడు వేలు రాయి."

"పిన్నీ, నాలుగు వేల నాలుగు వందలకి అయ్యే పనికి ఏడు వేల యూరోలని ఎలా రాయను?"

"పెన్నుతో రాయి. చదువుకున్నావుగా."

"ఈ షెడ్డు పెట్టి యాభై ఏళ్లు. మా నాన్న గ్వోజ్దెన్ మేస్త్రి ఒక్క దినారం ఎక్కువ రాసిన మనిషి కాదు."

"మీ నాన్న సంగతి నాకు చెప్పకు. ముందు ఆ గిబనిత్స తిను, చల్లారిపోతే పొరలు మెత్తబడతాయి. జున్నూ, ఆరు గుడ్లూ వేశాను."

"లంచమా?"

"పలహారం. లంచమైతే పొగబెట్టిన పంది తొడ తెచ్చేదాన్ని."

"తొడా? తొడ... తొడెందుకు గుర్తొచ్చింది మీకు?"

"ఊరికే. ఏం, పొలమారిందా? నీళ్లు తాగు."

"ఏం లేదు. అది కాదు పిన్నీ, ఇక్కడికొచ్చే ప్రతివాడూ తగ్గించమని ప్రాణం తీస్తాడు. పెంచమని బతిమాలే మనిషిని మిమ్మల్నే చూశాను. కారు మీ అమ్మాయిది, డబ్బు మీ అమ్మాయిది. పన్నెండింటికి కోసన వచ్చి లెక్క అడుగుతుంది."

"అందుకేగా నేను తొమ్మిదింటికే వచ్చింది. ఏదీ, ఆ కాగితం చదువు."

"కింది నుంచి చదవాలి."

"తలకిందులుగానా?"

"మా నాన్న పద్ధతి. అందరూ పైన ఇంజిన్ రాసి మొదలెడతారు, కింద బ్రేకుల దగ్గరికొచ్చేసరికి డబ్బులైపోతాయి. కొండ ఎక్కడం ఎక్కేస్తారు, దిగడం దేవుడికి వదిలేస్తారు. నేను ముందు బ్రేకులు, టైర్లు, క్లచ్చి రాస్తాను. తొమ్మిది వందలు. మిగిలినదాంట్లోనే ఇంజిన్."

"మంచిదే. పన్నెండు వందలు రాయి."

"పిన్నీ!"

"సరే, బ్రేకులు వదిలెయ్. బ్రేకుల మీద అబద్ధమాడకూడదు. ఇంజిన్ చదువు."

"తుక్కు దుకాణంలో పదమూడు వందల సీసీ బ్లాక్ చూసి పెట్టాను, రెండు వందలు. కొత్త పిస్టన్లు, సిలిండర్లు తొలిపించడం, ఐదు వందలు."

"వెయ్యి."

"బంగారు పిస్టన్లా?"

"నా కూతురికి బంగారువి వేస్తే తప్పా? తర్వాత?"

"హెడ్డులో గాలి దారులు వెడల్పు చేసి పెద్ద వాల్వులు, ఐదు వందల యాభై. కామ్ షాఫ్టు రెండు వందల ఇరవై. వాడిన కార్బ్యురేటర్లు రెండు, ఐదు వందలు."

"వాడినవా? ఎవడో వాడి పారేసినవి నా పిల్ల కారుకా? కొత్తవెంత?"

"పద్నాలుగు వందలు. దండగ. మా వాళ్లందరూ చేసే తప్పే అది. సందుల్లో తిప్పుకునే కారుకి విమానానికి వేసేంత కార్బ్యురేటర్ వేస్తారు, కూరగాయల బజారు ముందు ఆగి దగ్గుతుంది."

"పద్నాలుగు వందలు రాయి. దగ్గితే మిరియాల కషాయం పోస్తాం."

"పొగ గొట్టాలు మూడు వందల ముప్పై. బేరింగులు, గాస్కెట్లు, ఆయిల్ పంపు మూడు వందలు. ఇంజిన్ మొత్తం రెండు వేల ఆరు వందలు. రోలర్ల మీద పెట్టి బలం సరిచూడ్డానికి రెండు వందలు. నా కూలి రెండు వందలు."

"రెండు వందలేంట్రా? రెండు వారాలు నడుం వంచి రెండు వందలా? మీ ఆవిడ ఎలా కాపురం చేస్తోంది నీతో? ఎనిమిది వందలు వేసుకో."

"మొన్న మా అమ్మ గుండె పట్టుకుంటే కోసన అంబులెన్సు నడిపి నలభై నిమిషాల దారి ఇరవై రెండు నిమిషాల్లో తీసుకెళ్లింది. ఆ పిల్ల దగ్గర కూలి తీసుకోడమే తప్పు. తీసుకోకపోతే ఒప్పుకోదని రాశాను."

"ఈ చివరన గీత గీసి ఐదు వందలని ఉందేంటి?"

"తెలియనిది."

"తెలియనిదానికి డబ్బులా?"

"పాత ఇంజిన్ విప్పితే లోపల ఏదో ఒకటి ఉంటుంది పిన్నీ. పగులో, తుప్పో, ఎవడో చేసిన వెధవ పనో. ఏముంటుందో తెలీదు, ఉంటుందని మాత్రం తెలుసు. దానికి ముందే పక్కన పెడతాను."

"బాగా చెప్పావు. లోపల ఏముందో ఎవడికి తెలుసు? పదకొండు వందలు రాయి. కూడు ఇప్పుడు."

"కూడేదేముంది, మీరు ఇంట్లోనే కూడుకొచ్చారు. సరిగ్గా ఏడు వేలు."

"నేను లెక్కల్లో గట్టిదాన్ని."

"కోసన దగ్గరున్నది నాలుగు వేల ఐదు వందలు."

"పాపం."

"ఇది చూసి ఇంజిన్ మానుకుంటుంది."

"ఏం చేస్తాం. ఇంకో ముక్క పెట్టనా?"

"ఎందుకు పిన్నీ? భయమా? ఇలియా పండగ నాడు కార్ల పందెంలో మఠం దాకా ఎక్కే ఆ దారంటేనా?"

"భయం కాదా మరి! పదకొండు మలుపులు. పక్కన లోయ. తల్లి కడుపు కదా."

"ఆ పదకొండు మలుపులూ ఆ పిల్ల జనవరిలో మంచు మీద, వెనక పురిటి నొప్పులు పడే మనిషిని పెట్టుకుని దిగింది. మీరు ఊరంతా తిరిగి గొప్ప చెప్పుకున్నారు. ఆగస్టులో, ఎండలో, ఫైరింజన్ వాళ్లు దారి మూసి కాపలా కాసే పూట మీకు భయమా?"

"ఎండైతే తారు కరుగుతుంది."

"పిన్నీ."

"ఊఁ."

"ఇంజిన్ మానేస్తుంది గానీ పందెం మానదు. ఊరి మధ్య హోటల్లో, యాభై మంది ముందు అనేసింది. 'రెండేళ్ల నుంచీ అడుగుతున్నావుగా వుకాషిన్, మఠం దాకా నన్ను దాటి వెళ్లు, పెళ్లి చేసుకుంటా' అని. మాట వెనక్కి తీసుకునే రకం కాదు."

"నా పోలికే."

"ఆ పాత యాభై గుర్రాల బలమున్న ఇంజిన్‌తోనే వెళ్తుంది."

"వెళ్లనీ."

"ఆ పశువుల డాక్టరు వుకాషిన్ కారుకి నూట పది ఉన్నాయి. ఓడిపోతుంది."

"ఉప్పు సరిపోయిందా గిబనిత్సలో?"

"పిన్నీ! మీరు కోసన ఓడిపోవాలనే వచ్చారు!"

"అరవకు, పక్కన రంగుల కొట్టువాడికి చెవులు పెద్దవి."

"కన్నకూతుర్ని!"

"కన్నాను కాబట్టే. ముప్పై రెండేళ్లొచ్చాయి. వుకాషిన్‌కి ఏం తక్కువ? చలికాలంలో మా ఆవు ఈనలేకపోతే రాత్రంతా బురదలో మోకాళ్ల మీద కూచున్నాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు. ఆ దూడకి కోసన పేరు పెట్టుకోవచ్చా అని అడిగాడు."

"కోసన ఏమంది?"

"తలుపేసుకుంది. కానీ నాకు తెలుసు, తలుపు వెనకాల నవ్వింది. దానికి వాడంటే ఇష్టమే. ఒప్పుకోడానికే మెడ వంగదు. అందుకే ఆ పందెం. ఓడిపోయిందనుకో, 'ఏం చేస్తాం, మాటిచ్చాను' అని దర్జాగా చేసుకుంటుంది. ఆ పాత ఇంజిన్ అందరి మర్యాదా కాపాడుతుంది. నువ్వు మధ్యలో నాలుగు వేల నాలుగు వందలని నిజం చెప్పి చెడగొట్టకు."

"అదా సంగతి. అలాగైతే ఏడు వేలెందుకు? అంతకంటే చవకైన దారుంది."

"ఏది?"

"ఇదిగో, ఇలాంటి బోల్టు. ఇంజిన్ నిజంగానే కడతాను, రోలర్ల మీద నూట పదిహేను గుర్రాలు చూపిస్తాను, కోసన సంతోషంగా డబ్బిస్తుంది. పండగ ముందు రోజు ఆయిల్ చూస్తానని కారు తెప్పించి, రబ్బరు చాప కింద, యాక్సిలరేటర్ పెడల్ వెనక ఇది బిగిస్తాను. పెడల్ నేల దాకా తొక్కినట్టే ఉంటుంది. కార్బ్యురేటర్ మాత్రం ముప్పావు దగ్గర ఆగిపోతుంది. ఎవరికీ తెలీదు."

"ఎవరికీ తెలీదా?"

"ఎవ్వరికీ."

"నువ్వే కనిపెట్టావా ఇది?"

"నేనెక్కడ... అంటే... ఇది పాతదే. ఇంతకు ముందొకసారి పనిచేసింది. బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ జంట ముప్పై ఎనిమిదేళ్లుగా హాయిగా ఉన్నారు."

"ముప్పై ఎనిమిదా? అంటే ఎనభై ఆరు."

"ఏమో, నేను సరిగ్గా లెక్క..."

"ఎర్ర కారా?"

"రంగు... నాన్న రంగు చెప్పలేదు."

"ఎనభై ఆరులో ఇలియా పండక్కి ఆ దారెక్కిన ఎర్ర కారు ఒక్కటే. నాది. ఇప్పుడు కోసన నడిపేది అదే, నువ్వు విప్పబోయేది అదే. ఆ పందెంలో నన్ను ఓడించి పెళ్లి చేసుకుంది మా మోమీర్. ఏటా మా ఇంటి దేవుడి స్లావా పండక్కి, ఇంటి నిండా చుట్టాల్ని కూచోబెట్టుకుని, మూడో గ్లాసు రకియా కాగానే మొదలెడతాడు. 'పదకొండో మలుపులో అర కారు దూరంలో కొట్టాను మా విదాని' అని. ముప్పై ఎనిమిది పండగలు విన్నాను."

"పిన్నీ, నేను మధ్యాహ్నం వరకూ ఆ లారీ పని చూడాలి..."

"కూచో. ఎవరు వేయించారు బోల్టు?"

"మా నాన్న పోయే ముందు చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"మా అమ్మా?"

"మీ అమ్మనే అనుకోండి, పోనీ."

"మా అమ్మకి పెడల్ అంటే కుట్టుమిషనుదే తెలుసు. చెప్పు."

"...మోమీర్ బాబాయ్. పిన్నీ, ఆయన్ని ఏమీ అనకండి. అప్పుడాయనకి ఇరవై మూడేళ్లు. చేతిలో చిల్లిగవ్వ లేదు. మా నాన్న ముందు కుదరదు పొమ్మన్నాడట. మర్నాడు మళ్లీ వచ్చాడట బాబాయ్, భుజం మీద..."

"పంది తొడ."

"మీకెలా తెలుసు?"

"ఎనిమిది కిలోలది. వాళ్లింట్లో చలికాలానికి ఉన్నది అదొక్కటే, పందెం వారంలోనే మాయమైంది. మా అత్త పోయేదాకా పక్కింటి వాళ్లనే తిట్టింది, మా తొడ మింగినోళ్లు మీరేనని. తాళాలు చూడు."

"ఏ తాళాలు?"

"నా ఇంటి తాళాలు. గుత్తికి ఏం వేలాడుతోందో చూడు."

"ఇది... పది నంబరు బోల్టు."

"మీ నాన్నదే. పందెం ముందు రోజు సాయంత్రం కారు కడుగుతూ చాప ఎత్తాను. కారు నిండా తుప్పే. మధ్యలో ఇది మెరుస్తోంది. ఆ కారులో కొత్త వస్తువంటూ ఉంటే ఇదొక్కటే. కనిపించకుండా ఎలా ఉంటుంది? స్పానర్ తెచ్చి విప్పి జేబులో వేసుకున్నాను."

"అంటే పందెం నాటికి బోల్టు లేదు!"

"లేదు."

"మరి ఎలా ఓడిపోయారు?"

"పది మలుపులు నేనే ముందు. పదకొండు దగ్గర అద్దంలో చూశాను. మా మోమీర్ నాలిక బయటపెట్టి, స్టీరింగుని రొమ్ముకి హత్తుకుని, కళ్లు సగం మూసుకుని ఇలియా దేవుడికి మొక్కుకుంటూ వస్తున్నాడు. నాకింకా తొడ సంగతి తెలీదు. కానీ నా కోసం ఆ బోల్టు దొంగపని చేసేవాడు ఊళ్లో వేరెవడూ లేడని తెలిసిపోయింది. పెడల్ మీంచి కాలు తీసేశాను."

"బాబాయ్‌కి తెలుసా?"

"తెలిస్తే పండక్కి చెప్పుకోడానికి ఆయనకేం మిగులుతుంది? నువ్వు నోరు జారావంటే ఈ షెడ్డులోనే పాతేస్తాను."

"నేనేం విన్లేదు. పిన్నీ... ఒకటి అడగనా? ఎవరో బోల్టు వేసినందుకు కాకుండా, మీ అంతట మీరు కాలు తీశారు. అలా తనంతట తాను కాలు తీసే అవకాశం కోసనకి లేకుండా చెయ్యాలనా ఈ ఏడు వేలు?"

"ఆ పెన్ను ఇలా తే."

"ఏం చేస్తున్నారు?"

"కొట్టేస్తున్నాను. పిస్టన్లు ఐదు వందలు. నీ కూలి రెండు వందలు, నువ్వు బాగుపడవు. తెలియనిది ఐదు వందలే ఉంచు, లోపల ఏముందో ఇప్పుడు తెలిసిందిగా. కార్బ్యురేటర్లు మాత్రం కొత్తవి. ఆ తొమ్మిది వందల తేడా నాది, గుడ్లమ్మిన డబ్బు. దానికి చెప్పకు."

"కొత్తవి దండగన్నానా! దగ్గుతాయి!"

"దగ్గకుండా సరిచెయ్యడానికే నీకు కూలి."

"అయ్యో పిన్నీ, ఇంత ఇంజిన్ పెడితే కోసన ఏడో మలుపుకే వుకాషిన్‌ని వదిలేసి పోతుంది. ఇంతసేపూ ఓడిపోవాలని కూచున్నారు కదా!"

"ఇప్పుడూ ఓడిపోవాలనే అంటున్నానురా పిచ్చోడా. కావాలని ఓడిపోవాలంటే, ముందు గెలవగలిగే బండిలో కూచోవాలి."