కొండ అవతలి మాట

బెస్కిడ్ కొండల్లో ఒక ఇంటి వంటగది. మేకతోలు తిత్తి వాయించే యూరా కొండ అవతలి నుంచి అప్పుడే వచ్చాడు. భార్య జూజ్కా అతనికి కుర్చీ కూడా లాగలేదు.

"మళ్ళీ అను."

"ఏమనాలి?"

"వస్తూనే అన్నావే, ఈ డూడీ ఇంకా ఇక్కడే ఉందేమని. మనింట్లో ఉన్నది గైడీ. మీ తాత గైడీ అన్నాడు, మీ నాన్న గైడీ అన్నాడు."

"ఏదంటే ఏమే. కొండకి ఇటు గైడీ, అటు డూడీ. స్లోవాకులూ గైడీ అంటారు. కూరగాయలమ్మే ఆ బల్గేరియా ఆయన గైదా అనేవాడు. ఎవరేమన్నా మేకతోలే."

"వాళ్ళ గొడవ నాకెందుకు. నీ నోట్లో ఆ మాట పెట్టిందెవరు?"

"దుంపలు మాడుతున్నట్టున్నాయి."

"మాడనీ. మూడు నెలలుగా ఆదివారం వస్తే కొండెక్కుతున్నావు. ఎవరింటికి?"

"అక్కడి వాద్యగాడింటికి."

"అతను పోయి రెండేళ్ళు. ఉన్నది పెళ్ళాం."

"అవును, రొజాల్కా. ఆవిడ దగ్గరికే."

"ఆవిడంట, ఆవిడ. వయసెంత?"

"నీ అంత ఉంటుంది."

"నాకన్నా ఆరేళ్ళు చిన్నది. కనుక్కున్నాను."

"కనుక్కుని మళ్ళీ నన్నడగడం దేనికి?"

"ఏం చెబుతావో చూద్దామని. ఏం చేస్తావక్కడ?"

"వాయించడం నేర్చుకుంటున్నా."

"చేపపిల్లకి ఈత నేర్పుతోందా? ఈ లోయలో నీ తిత్తి మోగందే ఏ పెళ్ళికూతురికీ జడ విప్పి ఇల్లాలి కుచ్చుటోపీ పెట్టరు. నీకు ఆవిడ నేర్పేదేమిటి?"

"నేర్పుతోందే. నిజం."

"అడవిలో దుంగ నీ మీదపడితే పది రోజులు కట్లు కట్టింది నేను. లేచీ లేవగానే నువ్వు కొండెక్కింది ఆవిడ కోసం. మొన్న మా చెల్లి కూతురి పెళ్ళిలో నాతో నాట్యమాడలేదు. బండెక్కుతుంటే చెయ్యి అందించలేదు. రొట్టె కోసి మొదటి ముక్క నాకిచ్చేవాడివి. ఇప్పుడు నన్నే కోసుకోమంటున్నావు. ఆ మొదటి ముక్క ఎవరికి పోతోంది?"

"ఎవరికీ పోవట్లేదు."

"అయితే ఆ గైడీని పొయ్యిలో పెడతా."

"పెట్టు. దానితో నాకిక పనిలేదు."

"ఎంత మాటన్నావు, యూరా. ముప్పై ఏళ్ళ వాద్యం."

"మన గైడీకి గాలి కుడి మోచేత్తో కొట్టాలి. వాళ్ళ డూడీకి నోటితో ఊదితే చాలు. వేళ్ళు బాగానే ఆడుతున్నాయి, జూజ్కా. దుంగ పడ్డప్పట్నుంచీ కుడి భుజమే రొట్టె కోసేంత కూడా కదలట్లేదు."