తట్టెడు ఆకు

చుట్టూ తమిళమే వినిపించే ఉప్పళంలో ఒక్క గేదెను పెట్టుకుని పాలమ్మి బతికే ఆండాళమ్మ, తడి చెత్తను బొగ్గుగా మార్చే కొత్త ఫ్యాక్టరీ గేటు దగ్గర మేనేజరును పట్టుకుంది. యానాం నుంచి వచ్చిన తెలుగువాడని విని కొండంత ధైర్యంతో వచ్చింది.

"సార్, మార్కెట్లో మిగిలే క్యాబేజీ ఆకంతా మీ లారీలే ఎత్తకపోతా ఉండాయి. నా ఎనుముకు యాడ తెచ్చేది? దినానికి ఒక తట్ట ఇప్పించండి."

"ఆ ఆకు ఇప్పుడు మాదమ్మా. పెద్ద కుక్కరులో ఉడకబెట్టి బొగ్గు చేస్తాం. పంచిపెట్టడానికి కాదు."

"మనోళ్ళని అడగతా ఉండా సార్."

"తెలుగు మాట్లాడితే ఇచ్చేస్తారేంటి? మొన్న గోడ పక్క కుప్పలోంచి ఎత్తుకెళ్ళింది నువ్వే కదా?"

ఆమె తల దించుకుంది. "నేనే సార్. ఆకలికి అరస్తా ఉంటే చూడలేకపోతిని. నిన్నట్నించి దానికి నోట్లో నురగ, లేచి నిలబడలా. పచ్చాకు తింటే తేరుకుంటాదని వస్తిని."

అతను నవ్వాడు. "దొంగలు ముట్టకూడదనే ఆ కుప్ప మీద పురుగుల మందు కొట్టించాను."

ఆండాళమ్మ నెత్తి కొట్టుకుంది.

"వాసనకి తిననంటే... నేనే బుజ్జగించి తినిపిస్తిని గదా నాయనా!"

"అయితే ఇంక బతకదులే. పూడ్చిపెట్టకు, లారీ పంపిస్తాను. తడిదేదైనా మా కుక్కరుకి పనికొస్తుంది."

"ఇంకా ఊపిరి ఉండాది సార్."

"సరే, రేపు పంపిస్తాన్లే," అంటూ అతను గేటు వేసుకున్నాడు.