రాజు కుర్చీ ఖాళీగా ఉన్న ఏడేళ్లు

అధ్యక్షులు లోకనాథం గారికి, ముందు వరుసలో విసనకర్రలు ఊపుకుంటున్న పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన మా మేస్త్రీలకు, గుడియాత్తం బజారు మిత్రులందరికీ ఈ తిరువేంగడం నమస్కారాలు. శాలువా కప్పారు, సంతోషం. కానీ కూర్చోమని మా నాటకంలోని సింహాసనాన్నే మోసుకొచ్చి వేశారే, అందులో మాత్రం కూర్చోను. బలవంతపెట్టకండి లోకనాథం గారూ, మోకాళ్లు నొప్పిపుట్టినా నిలబడే మాట్లాడతాను.

ఇరవై రెండేళ్లు తెర పక్కన పుస్తకం పట్టుకుని మన నాటక సమాజానికి మాటలు అందించాను, ఇప్పుడు కళ్లు ఆనక మానుకుంటున్నాను. మనవాళ్లు తెలుగు మాట్లాడితే రాయవేలూరు దాకా వినపడుతుంది, చదవమంటే మాత్రం పుస్తకం తలకిందులుగా పట్టుకుంటారు. (నవ్వులు) అందుకే నేనేమంటే అదే అనేయడం మన పద్ధతి. ఒకసారి నేను తుమ్మితే, సేనాపతి వేషంలో ఉన్న మన కుప్పన్ మేస్త్రి కూడా ఎంతో గంభీరంగా తుమ్మాడు. అదుగో, నవ్వుతున్నాడు చూడండి.

ఆ రోజుల్లో మన నాటకంలో రాజు వేషం గుణశేఖరానిది. అబ్బ, ఏం గొంతు! యాభై మూడులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చిత్తూరు అటు పోయి, మన గుడియాత్తం ఇటు తమిళుల వైపు ఉండిపోయాక, అతను అంగడి చిత్తూరికి మార్చుకున్నాడు. అయినా వేషం వేస్తానని వచ్చాడు. నాకేం పోయేకాలమో, రిహార్సల్లో అందరి ముందూ, "నువ్వు ఆ పక్కోడివైపోయినావు, మా రాజ్యం నీకెందుకప్పా?" అనేశాను. కిరీటం తీసి ఈ కుర్చీలో పెట్టాడు. నేరుగా వెళ్లి చిత్తూరు బస్సెక్కాడు.

ప్రదర్శనకు ఇంక ఐదు రోజులే ఉన్నాయి, ఆ కిరీటం పెట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. సరే, నాటకం తిరగరాశాను. దేశానికి రాజు లేడు, ఐదుగురు పెద్దల ఆలోచన సభ ఖాళీ సింహాసనం చుట్టూ నిలబడి పరిపాలన చేస్తుంది. అంతా బాగానే సాగుతుండగా మన కాళియమ్మ జనంలోంచి లేచి, "రాజు యాడికి పోయినాడు నాయనా?" అని అడిగేసింది. పుస్తకంలో దానికి జవాబు లేదు. ఐదుగురూ నా వైపు చూశారు. నాలో నేనే గొణుక్కున్నాను, "నా వల్లే పోయినాడు" అని. అంతే! ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు గుండె మీద చెయ్యి వేసుకుని, "నా వల్లే పోయినాడు!" (నవ్వులు)

అప్పుడూ మీరిలాగే నవ్వారు, ఈలలు వేశారు. మీకు నచ్చిందని ఆ మాట ఏడేళ్లుగా నాటకంలో ఉండిపోయింది. ప్రతి ఏడూ మీరు నవ్వారు, నేను తెర చాటున కళ్లు తుడుచుకున్నాను. ఒక్క ఉత్తరం ముక్క రాయడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది.

లోకనాథం గారూ, చివరి వరుసలో నెత్తిన తువ్వాలు కప్పుకుని కూర్చున్నదెవరో ఇందాకే పోల్చుకున్నాను. పిలిపించింది మీరేనని తెలుసు, మీ మేలు మరవను. ఇన్నేళ్లు నా గొణుగుడు భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. కాస్త జరిగి అతనికి దారి ఇవ్వండి.

గుణశేఖరం, తప్పు నాదే నాయనా. రా, నీ కుర్చీలో కూర్చో. తిట్టాలనుంటే తిట్టు, ఈసారి మాట నేను అందించను. ఇక నాకు సెలవు.